బోల్టు బాగుంటే చాలదు: ఎగుమతుల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది నెల్లూరు. చెన్నై అంబత్తూరులో కార్లకు బోల్టులు, నట్లు చేసే కంపెనీలో ఎక్స్‌పోర్ట్ పని చూస్తుంటాను. ఊరికెళ్తే మా మామ ప్రతిసారీ అదే అడుగుతాడు: "ప్రపంచమంతా ఒకటే ఊరైపోయింది కదరా, ఇంకా నీకంత టెన్షన్ దేనికి?" మామకు చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: గ్లోబలైజేషన్ వచ్చాక సరిహద్దులు పోయాయి.

వాస్తవం: సుంకాలు తగ్గిన మాట నిజమే. కానీ సరిహద్దు ఇప్పుడు చెక్కలో ఉంటుంది. ఒకసారి మా సరుకు యూరప్ రేవులో ఆగిపోయింది. బోల్టుల్లో లోపం లేదు, బిల్లుల్లో తప్పు లేదు. సరుకు కింద వేసిన చెక్క ప్యాలెట్లలో (పలకల చట్రాలలో) రెండింటికి ముద్ర లేదు, అంతే. చెక్కపురుగులు దేశం దాటకుండా ఐఎస్‌పీఎం-15 అని ఒక అంతర్జాతీయ నిబంధన ఉంది. మామూలుగా చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి తగలాలి, 30 నిమిషాలు అలాగే ఉండాలి. అలా చేసినట్టు గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేస్తారు. రేవులో అద్దె, మళ్లీ ప్యాకింగ్ కలిపి ఆ ఆర్డరు మీద లాభమంతా ఊడ్చుకుపోయింది. అప్పటి నుంచి లోడింగ్‌కు ముందు టార్చి వేసుకుని ఒక్కో ప్యాలెట్ నేనే చూస్తాను. కొత్తగా చేరిన ఒంగోలు కుర్రాడు నవ్వాడు: "అన్నా, ఎంబీఏ చేసింది ఇందుకా?" ఇందుకే తమ్ముడూ.

అపోహ: ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఉంటే సుంకం పడదు.

వాస్తవం: యూఏఈతో మన ఒప్పందం 2022 మే 1న అమల్లోకి వచ్చింది. కానీ రాయితీ దానంతటది రాదు. సరుకు మన దగ్గరే తయారైందని, బయటి ముడిసరుకు వాడితే నిబంధన అడిగినంత మార్పు ఇక్కడే జరిగిందని సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌తో (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రంతో) చూపాలి. బయటి దేశం నుంచి తెచ్చి డబ్బా మారిస్తే అది మన సరుకు కాదు.

అపోహ: సీఐఎఫ్ (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ ధరలోనే కలిపి అమ్మడం) అంటే అవతలి రేవు దాకా రిస్క్ అమ్మినవాడిదే.

వాస్తవం: ఇది పదేళ్ల అనుభవమున్న వాళ్లూ తప్పుగా చెప్తారు. ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కట్టేది అమ్మినవాడే. రిస్క్ మాత్రం ఇక్కడ సరుకు ఓడ ఎక్కగానే కొన్నవాడికి మారిపోతుంది, ఓడ కిరాయి కొన్నవాడే కట్టుకునే ఎఫ్ఓబీ పద్ధతిలో లాగానే. అయినా కాగితం వేరు, వ్యాపారం వేరు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లినప్పుడు దాదాపు రెండు వారాలు ఆలస్యం. "రిస్క్ మీదే సార్" అని కస్టమర్‌కు మెయిల్ పెట్టి కూర్చుంటే వచ్చే ఏడాది ఆర్డరు ఉండదు. కొంత సరుకు విమానంలో పంపాం, మా ఖర్చుతో.

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తే చాలు.

వాస్తవం: క్యాలెండర్ రావాలి. ఆగస్టులో యూరప్ సెలవులు, చైనా కొత్త సంవత్సరం, జనవరిలో మన పొంగల్. పొంగల్ వారం లోడింగ్‌కు మనుషులు దొరకరని జర్మనీ వాళ్లకు అక్టోబరులోనే చెప్పాలి.

అపోహ: క్వాలిటీ, ధర కుదిరితే యూరప్‌లో అమ్ముకోవచ్చు.

వాస్తవం: ఇప్పుడు మూడోది అడుగుతున్నారు, కార్బన్ లెక్క. యూరోపియన్ యూనియన్ తెచ్చిన సీబ్యామ్ (దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌కు డబ్బు కట్టించే పద్ధతి) కింద ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటి వాటితో పాటు మా బోల్టులూ ఉన్నాయి. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చెప్పడం మొదలైంది, 2026 దిగుమతుల నుంచి ఆ ఖర్చు కొనేవాడి మీద పడుతుంది. కిలో బోల్టులకు ఎంత కార్బన్ వెలువడిందో చెప్పాలంటే, ముందు మాకు బోల్టులు చేసే ఉక్కు తీగ చుట్ట అమ్మినవాడు తన ఉక్కు లెక్క చెప్పాలి. ఫోన్ చేస్తే ఆయన, "సార్, రేటు అడగండి చెప్తాను, పొగ లెక్క నన్నడిగితే ఎట్లా?" అన్నాడు. రేపు పొద్దున ఎక్సెల్ షీటు పట్టుకుని ఆయన గోడౌన్‌కే వెళ్తున్నాను.