నీళ్లు పాసైతే సముద్రం బాగున్నట్టేనా?

2025 సెప్టెంబరులో కాకినాడ దగ్గరి ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కినప్పటి నుంచి గొడవ ఒకే చోట తిరుగుతోంది. ఫార్మా వ్యర్థాలు సముద్రంలో కలుస్తున్నాయని, తీరం దగ్గర వేట సాగడం లేదని వాళ్లంటారు. శుద్ధి చేశాకే వదులుతున్నామని, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని పరిశ్రమలు అంటాయి. వెంటనే నీళ్ల శాంపిళ్లు తీస్తారు, ల్యాబ్ రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టుకు ఏది అందుతుందో, ఏది అందదో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఏం జరిగిందో చూడాలి.

ఆర్కషోన్ ఆయిస్టర్ల (తినే ఒక రకం ఆల్చిప్పల) సాగుకు పేరున్న చోటు. 1970ల చివర్లో అక్కడ ఏడాది వెంట ఏడాది పిల్ల ఆయిస్టర్లు రాకుండా పోయాయి. పెద్దవి చావలేదు. కానీ వాటి చిప్పలు లావెక్కి, లోపల అరలు కట్టి, అమ్మడానికి పనికిరాకుండా అయ్యాయి. ఏటా 10,000 నుంచి 15,000 టన్నులు వచ్చే దిగుబడి 1981కి 3,000 టన్నులకు పడిపోయింది. పడవల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగులోని టీబీటీ అనే రసాయనం మీద అనుమానం వచ్చింది. అంత తక్కువ మోతాదును సముద్రపు నీటిలో కొలిచే పద్ధతులు అప్పటికి సరిగా లేవు. అయినా 1982 జనవరిలో ఫ్రాన్స్ ప్రభుత్వం 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగును నిషేధించింది. నీటి రిపోర్టు కోసం ఆగకుండా ఆయిస్టర్ల పరిస్థితినే సాక్ష్యంగా తీసుకుంది. నిషేధం వచ్చాక పిల్లలు మళ్లీ రావడం మొదలైంది.

1986లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవాలు పెరగడానికి కారణం ఇదే రసాయనమని చూపించారు. లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లో వంతు ఉన్నా ఆ మార్పు మొదలవుతుంది. ఓడలకు ఈ రంగు వాడకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 2008 అయింది.

ఇప్పుడు మన నిబంధన చూడండి. పరిశ్రమ వదిలే నీళ్లలో చేపలను 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలి. మంచి నిబంధనే, జీవిని అడిగే నిబంధన. కానీ అడిగేది చావు గురించి మాత్రమే. ఆర్కషోన్‌లో పెద్ద ఆయిస్టర్లు బతికే ఉన్నాయి, ఆగిపోయింది తర్వాతి తరం. నాలుగు రోజుల పరీక్షకు అది దొరకదు. తీరజలాలను వాడకాన్ని బట్టి ఎస్‌డబ్ల్యూ-1 నుంచి ఎస్‌డబ్ల్యూ-5 వరకు అయిదు తరగతులుగా విభజించిన ప్రమాణాల్లో ఆక్సిజన్, పీహెచ్, బీఓడీ (నీటిలోని వ్యర్థాలు కుళ్లడానికి కావలసిన ఆక్సిజన్), మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా లాంటివి ఉన్నాయి. అడుగు బురదలో బతికే జీవాల ఊసే లేదు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ విశాఖ హార్బర్ బురదను జల్లించి, అందులోని పురుగులను బట్టి కాలుష్యాన్ని అంచనా వేశారు. నగరం మురుగు, పరిశ్రమల వ్యర్థాలు చేరే లోపలి హార్బర్‌లో కాపిటెల్లా కాపిటాటా అనే సన్నటి పురుగుదే రాజ్యమని 1983లో ప్రచురించారు. నీళ్లు గంట గంటకూ మారతాయి. పారిపోలేని పురుగు మాత్రం నెలల తరబడి తన మీద పడినదంతా భరిస్తూ అక్కడే ఉంటుంది. 2000లో యూరప్ నీటి చట్టం ఇలాంటి జీవాలను కూడా తీరజలాల ఆరోగ్యానికి ఒక కొలతగా పెట్టుకుంది. నలభై ఏళ్ల కిందట విశాఖలో చేసి చూపిన పని మన చట్టంలోకి ఇంకా రాకపోవడం బాధాకరం.

పరిశ్రమల వైపు ఒక వాదనలో నిజం ఉంది. గోదావరి వరద వచ్చినప్పుడు కాకినాడ అఖాతంలో ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు పడుతుంది, అడుగు జీవాలు వాటంతటవే తారుమారవుతాయి. చేపలు తగ్గడానికి మరబోట్ల వేట కూడా కారణం కావచ్చు. అందుకే ఒక్కసారి బురద తీసి తీర్పు చెప్పకూడదు. వ్యర్థాలు వదిలే పైపు చివర, దానికి దూరంగా వ్యర్థాలు చేరని చోట, వరదకు ముందు, వరద తర్వాత, ఏడాది పొడవునా తీయాలి. పీతలు, ఆల్చిప్పల కండలో ఏం పేరుకుందో చూడాలి. గుడ్లు, పిల్లలు ఎలా ఉన్నాయో చూడాలి. శాంపిల్ ఎక్కడ తీయాలో తేల్చేటప్పుడు, ఏ చోట వల ఖాళీగా వస్తోందో చెప్పగల మత్స్యకారులను కూడా కూర్చోబెట్టాలి.