వాషింగ్ మెషిన్ లీకు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మెషిన్ కింద నీళ్లు కారుతున్నాయని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే: "ఏ టైమ్‌లో కారుతున్నాయండీ?" సగం మంది దగ్గర జవాబు ఉండదు. అది తెలిస్తే స్క్రూ విప్పకముందే సగం పని అయిపోయినట్టే.

అపోహ: మడుగు ఎక్కడ కడితే లీకు అక్కడే.

నీళ్లు నేల వాలుని బట్టి పోతాయి. వెనక పైపు దగ్గర కారినవి ముందు తలుపు కింద తేలడం మామూలే. అందుకే చోటు కన్నా సమయం చూడండి. బట్టలు వేయకుండా ఒక సైకిల్ పెట్టి, కింద పొడి న్యూస్‌పేపర్లు దూర్చి పక్కనే ఉండండి.

నీళ్లు నిండేటప్పుడే తడి కనిపిస్తే ఇన్‌లెట్ పైపు (కుళాయి నుంచి మెషిన్‌కి నీళ్లు తెచ్చేది), ఇన్‌లెట్ వాల్వ్ (ఆ నీళ్లని లోపలికి వదిలి, ఆపేది), డిటర్జెంట్ ట్రే చూడాలి. ఉతికేటప్పుడు కారితే ఫ్రంట్ లోడ్‌లో తలుపు రబ్బరు, ఏ మెషిన్‌లోనైనా టబ్‌కి (నీళ్లు నిలిచే తొట్టికి) తగిలించిన గొట్టాలు. నీళ్లు బయటికి పోయేటప్పుడు కారితే డ్రెయిన్ పంప్, డ్రెయిన్ పైపు. మెషిన్ ఆపేసి ఉన్నా తడి వస్తుంటే కుళాయి జాయింట్ చూడండి. అది పొడిగానే ఉండి, వాడని మెషిన్ డ్రమ్‌లోకి నీళ్లు చేరుతుంటే ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. వాల్వ్ మార్చేదాకా కుళాయి కట్టేసి ఉంచండి.

అపోహ: పైపు జాయింట్ దగ్గర కారితే టేప్ చుట్టి, పట్టుకారుతో గట్టిగా బిగించాలి.

ఇన్‌లెట్ పైపు చివర నీటిని ఆపేది లోపలుండే రబ్బరు వాషర్. అది గట్టిపడిపోయాక ఎంత టేప్ చుట్టినా లాభం లేదు. వాషర్ మార్చి, చేత్తో బిగించి, ఆపైన కొంచెం తిప్పితే సరిపోతుంది. పట్టుకారుతో బలమంతా పెడితే వాల్వ్ ప్లాస్టిక్ మెడ చిట్లుతుంది.

అపోహ: తలుపు రబ్బరు చిరిగితే సిలికాన్ పూస్తే చాలు.

ఆ రబ్బరు డ్రమ్ ఊగినప్పుడల్లా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. పైన పూసిన పూత త్వరలోనే ఊడిపోతుంది. రబ్బరు మార్చాల్సిందే. కానీ కొత్తది కొనేముందు పాతదాన్ని శుభ్రంగా తుడిచి చూడండి. వెంట్రుకలు, దారాలు, జేబులోంచి జారిన హెయిర్‌పిన్ మడతలో ఇరుక్కుని తలుపు సరిగ్గా ఆననివ్వకపోవడం చాలాచోట్ల చూస్తుంటాను. ఉతికాక కింది మడతలో కాసిని నీళ్లు మిగలడం మాత్రం లీకు కాదు, తుడిచేస్తే సరి.

అపోహ: నురగ ఎక్కువ వస్తేనే బట్టలు బాగా ఉతికినట్టు.

ఫ్రంట్ లోడ్ తక్కువ నీళ్లతో ఉతికే మెషిన్. నురగ ఎక్కువైతే డిటర్జెంట్ ట్రే లోంచి బయటికి పొంగుతుంది. చూసేవాళ్లకి అది లీకే! ఫ్రంట్ లోడ్‌కి తగిన డిటర్జెంట్ తక్కువ వేసి ఒకసారి ఉతికి చూడండి. రిపేరు అక్కర్లేకుండా పోవచ్చు.

అపోహ: టబ్‌లో నీళ్లు నిలవడం లేదంటే టబ్ పగిలినట్టే.

కింద నేల పొడిగా ఉందా? అయితే నీళ్లు డ్రెయిన్ పైపులోంచే పోతున్నాయి. సెమీ ఆటోమేటిక్‌లో డ్రెయిన్ వాల్వ్ రబ్బరులో దారమో, చిన్న గుడ్డ పేలికో ఇరుక్కుని ఉంటుంది. ఫుల్లీ ఆటోమేటిక్‌లో డ్రెయిన్ పైపు బాగా కిందికి వేలాడుతున్నా ఇలాగే జరుగుతుంది. ఎంత ఎత్తులో పెట్టాలో మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

అపోహ: పాత మెషిన్ అంటే శబ్దం చేస్తుంది, దానికీ లీకుకీ సంబంధం లేదు.

నాకు టెన్షన్ పెట్టే అపోహ ఇదే. స్పిన్‌లో విమానం లేచినట్టు మోత వస్తోందంటే బేరింగ్ (డ్రమ్ సాఫీగా తిరగడానికి ఆనుకునే భాగం) పోతోందేమో అనుమానించాలి. చాలాసార్లు ముందు పోయేది దాన్ని కాపాడే టబ్ సీల్. సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి దిగి గ్రీజుని కడిగేస్తాయి, తుప్పు పడుతుంది. ప్లగ్ తీసి, వెనక ప్యానెల్ విప్పి టబ్ మధ్యభాగం చూస్తే గోధుమరంగు చారలు కనిపిస్తాయి. తలుపు తెరిచి లోపలి డ్రమ్‌ని పైకి ఎత్తి చూడండి, బయటి టబ్ కదలకుండా అదొక్కటే లటలటలాడితే బేరింగ్ పోయినట్టే. సీల్ వదిలేసి బేరింగ్ ఒక్కటే మార్చేవాళ్లున్నారు. ఆ కొత్త బేరింగ్ కూడా నీళ్లు తాగుతుంది.

ఈ పని ఇంట్లో మొదలుపెట్టకపోవడమే మంచిది. మెషిన్ మొత్తం విప్పాలి, పైగా కొన్ని మోడళ్లలో టబ్ రెండు ముక్కల్నీ కరిగించి అతికేస్తారు, సీల్ కోసం టబ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. మెకానిక్‌ని పిలిచినా విప్పనిచ్చే ముందు మీ మోడల్ టబ్ విడదీయొచ్చో లేదో, టబ్ ఖరీదెంతో అడగండి.

అపోహ: స్విచ్ ఆపితే చాలు, చెయ్యి పెట్టొచ్చు.

చాలదు. ప్లగ్ పీకండి, కుళాయి కట్టండి, ఆ తర్వాతే ప్యానెల్ విప్పండి. మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే లీకు సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్, వైరింగ్ చూపించండి.