డిపో తాత ఏ పదవిలో ఉన్నాడని అడిగారు కదా

మన వీధి పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న డిపో తాత పెద్దకర్మ భోజనాల దగ్గర మీలో ఒకరు అడిగారు, “ఆయన కౌన్సిలరా తాతా? ఆఫీసుల వాళ్లు, ఆటో స్టాండు వాళ్లు, రుయా ఆసుపత్రి ఆయాలు, ఇంతమంది ఎందుకొచ్చారు?” అని. విస్తళ్ల మధ్య నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే ఈ ఉత్తరం.

ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. మీకు తాత, నాకు అన్న. పదవి లేని మనిషి దగ్గరికి జనం ఎందుకు వచ్చేవాళ్లో తెలియాలంటే మన తిరుపతి సంగతి కొంచెం తెలియాలి. ఇక్కడ మున్సిపాలిటీ 1886లోనే ఏర్పడింది. 2007లో అది నగరపాలక సంస్థ అయింది. అయ్యాక మొట్టమొదటి ఎన్నికలు ఎప్పుడు జరిగాయనుకున్నారు? 2021 మార్చిలో. పట్టణాల పాలక సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 74వ సవరణ చెబుతుంది, అది 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా దాదాపు పద్నాలుగేళ్లు మన వార్డుకు ఎన్నికైన మనిషంటూ లేడు. మీలో చాలామంది పుట్టింది ఆ కాలంలోనే. వీధిలైటు వెలగకపోతే, కుళాయి నీళ్లు మురుగు వాసన కొడితే, ఏ అవ్వకో పింఛను ఆగిపోతే ఎవరి గడప తొక్కాలి? అందరూ అన్న వాళ్ల అరుగెక్కేవాళ్లు.

ఆయన చేతిలో అధికారం లేదు, డబ్బు అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఏ బస్సుకు ఏం చెడింది, ఎవరు చూశారు, ఎప్పుడు బయటికి పంపారు అని డిపోలో రోజూ రాసిన అలవాటు. అదే పద్ధతి వీధికి తెచ్చాడు. స్కేలు పెట్టి గీతలు కొట్టేవాడు: తేదీ, ఎవరి పని, ఏ ఆఫీసు, అర్జీ నంబరు, మళ్లీ ఎప్పుడు పోవాలి. చివరి గడి ఎర్ర సిరాకు. పని అయిపోయిందని ఆఫీసు వాళ్లు చెప్పినంత మాత్రాన అందులో టిక్కు పడేది కాదు. వీధిలైటయితే రాత్రి భోంచేసి నడుచుకుంటూ పోయి, స్తంభం కింద నిలబడి చూసి వచ్చాకే పెన్ను తీసేవాడు. “కాగితంలో వెలిగితే మనకేం లాభం నాయనా, కంబానికి వెలగాల” అనేవాడు.

అర్జీ ఎప్పుడూ రెండు ప్రతులు రాసేవాడు. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కిటికీ దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చేదాకా మనకు కలెక్టరేట్ అంటే చిత్తూరే. తెల్లారకముందే బస్సెక్కాలి. ఆయన అలా ఆఫీసులకు వెళ్లినప్పుడు అరుగు మీదికొచ్చిన వాళ్ల మాట వినేది, పేరూ వివరమూ గుర్తు పెట్టుకుని సాయంత్రం ఆయన చేత రాయించేది ఆయన భార్య, మీ అవ్వ. ఆమె చదువుకోలేదు. ఆ పుస్తకంలో సగం ఆమె జ్ఞాపకమే. డిపో తాతను పొగిడిన వాళ్లెవరూ మొన్న ఆమె పేరెత్తలేదు, అది నాకు చాలా కష్టంగా తోచింది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పది రూపాయల ఫీజు కట్టి ప్రభుత్వ కార్యాలయాన్ని లెక్క అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. మన పక్క వీధి కాలువకు ఎన్ని మీటర్లు కట్టినట్టు రాశారో అన్న అలా తెప్పించుకుని, ఇద్దరు కుర్రాళ్ల చేత టేపు పట్టించి కొలిపించాడు. కాగితానికీ నేలకూ పొంతన లేదు. కేకలు వేయలేదు, పేపర్లకు ఎక్కలేదు. రెండు కొలతలూ పక్కపక్కన రాసి ఇచ్చాడు. మిగిలిన ముక్క కట్టారు. కట్టిన తరువాత మళ్లీ ఆఫీసుకు పోయి, “అయిపోయింది సార్, నీళ్లు బాగా పోతా ఉండాయి” అని చెప్పి వచ్చాడు. ఫిర్యాదు చేయడానికి వందమంది వస్తారు, అయిందని చెప్పడానికి ఎవరొస్తారు? మొన్న ఆ ఆఫీసుల వాళ్లు ఎందుకొచ్చారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కాలువల మీద ఆయనకు అంత పట్టు ఎందుకో కూడా చెప్పాలి. మన ఊరు కొండ కింద ఉంది. శేషాచలం మీద పడ్డ వాన గంటల్లో కిందికి దిగుతుంది. వెనకటికి ఆ నీళ్లు గొలుసుకట్టు చెరువుల్లో ఆగి, ఒకటి నిండితే ఇంకోదానికి మరవ పారి, చివరికి స్వర్ణముఖిలో కలిసేవి. చెరువులు కుంచించుకుపోయాయి, వాగుల మీద ఇళ్లు లేచాయి. నీళ్లకు మిగిలింది రోడ్లూ, ఈ కాస్త కాలువలూ. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందుకే ఏటా వినాయక చవితి నిమజ్జనం కాగానే ఆయన పొడుగాటి కర్ర తీసుకుని కాలువ వెంబడి నడిచేవాడు. అక్కడక్కడ కర్ర దించి, పూడిక ఎంత ఉందో దాని మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. కాలువ మీద ర్యాంపు కట్టి మూసేసిన వాళ్లతో మాత్రం గట్టిగా పోట్లాడేవాడు. ఆ విషయంలో చుట్టరికం చూడలేదు, కులం చూడలేదు.

2021 నవంబరు 18న ఏం జరిగిందో మీలో పెద్దపిల్లలకు గుర్తుంటుంది. కపిలతీర్థం దగ్గర నీళ్లు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, పల్లపు కాలనీల్లో నీళ్లు ఇళ్లల్లోకి దూరాయి. ఆ తరువాత రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. మన వీధిలోకీ మోకాలి లోతు నీళ్లొచ్చాయి, కానీ పూడిక తీసిన కాలువ కాబట్టి తొందరగా తగ్గిపోయాయి. ఆ రాత్రి కరెంటు లేదు. అన్న టార్చిలైటు వెలుతురులో నోట్‌బుక్కు తిప్పి, మంచాన పడ్డ ముసలివాళ్లు ఏయే ఇళ్లల్లో ఉన్నారో చదువుతుంటే, కుర్రాళ్లు తాడు పట్టుకుని పోయి ఒక్కొక్కరినీ మేడమీదికి చేర్చారు. ఆ జాబితా ఆయన వానలు రాకముందే రాసి పెట్టుకున్నాడు.

పుస్తకం చివరి పేజీలు రక్తదాతలవి. గ్రూపు, పేరు, ఫోను, చివరిసారి ఎప్పుడిచ్చారు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు, అంతకు ముందు పిలిచేవాడు కాదు. 65 దాటాక తన రక్తం తీసుకోరని తెలిసి చిన్నబుచ్చుకున్నాడు. అప్పటినుంచి పల్లెల నుంచి రుయాకు వచ్చి ఎటు పోవాలో తెలియక నిలబడ్డ వాళ్లకు చీటీ రాయించడం, వార్డు చూపించడం మొదలుపెట్టాడు. ఆయాలకు ఆయన అలా తెలుసు. మీలో పద్దెనిమిది నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉన్నవాళ్ల పేర్లు ఆ పేజీల్లో నేను ఎక్కిస్తాను. ముందు మీ అమ్మానాన్నలకు చెప్పండి.

నోట్‌బుక్కు ఇప్పుడు అవ్వ దగ్గరే ఉంది. ఎర్ర టిక్కు పడని పనులు ఇంకా కొన్ని ఉన్నాయి. అందులో మీ బడి ముందరి కల్వర్టు ఒకటి. అర్జీ నంబరు ఉంది, నేను సోమవారం పోతాను, ఇద్దరు నాతో రండి. ఈ ఏడు కాలువ ఎవరూ చూడలేదు, వానలు దగ్గరపడ్డాయి. ఆదివారం పొద్దున ఆరింటికల్లా బూట్లు వేసుకుని మా ఇంటి ముందుకు రండి. కర్ర, సుద్దముక్క నేను తెస్తాను. చిన్నపిల్లలు కొలతలు రాయండి. కల్వర్టు లోపలికి మాత్రం ఎవరూ దిగవద్దు, పైనుంచి కర్రతో చూస్తే చాలు.

ఇట్లు,
మీ తాత