ఇంకో ఏడాది లాంగ్ టర్మా, బి కేటగిరీనా, బయటి దేశమా? సీమ ఇళ్లలో ఈ తర్జనభర్జన ఎక్కడ మొదలైంది

నీట్ ఫలితాలు వచ్చిన పది రోజులూ కర్నూలు, కడప, అనంతపురంలో బైపీసీ పిల్లలున్న ఇంట్లో వేరే మాట వినపడదు. ఒకసారి లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు హాస్టల్లో కోచింగ్) అయిపోయింది, మార్కులు పెరిగాయి, సీటు మాత్రం రాలేదు. ఇంకో ఏడాది కూర్చోబెట్టాలా, పొలం అమ్మి ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజు ఉండే బి కేటగిరీ సీటు తీసుకోవాలా, జార్జియాకో కిర్గిజ్‌స్తాన్‌కో పంపాలా, లేక బీడీఎస్‌తోనో (పళ్ల డాక్టరు చదువు) ఆయుర్వేదంతోనో సరిపెట్టుకోవాలా? మేనమామ ఒకటంటాడు, కన్సల్టెన్సీ వాడు ఇంకోటంటాడు, పక్కింటివాళ్లు అడక్కుండానే మూడోది చెబుతారు. అయితే ఈ దారులన్నీ ఒకేసారి పుట్టలేదు. ఒకటి ఏదో జీవోతో వచ్చింది, ఇంకొకటి ఏదో కోర్టు తీర్పుతో వచ్చింది, చాలా ఇళ్లలో మాత్రం ఇప్పటికీ పాత ఎంసెట్ (నీట్‌కు ముందున్న రాష్ట్ర ప్రవేశ పరీక్ష) రోజుల లెక్కతోనే నిర్ణయం తీసుకుంటున్నారు. నా బాధంతా అదే.

ముందు సీట్ల సంగతి చూద్దాం. 1956లో కర్నూలు నుంచి రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయింది, ఆ ఏడాదే ఊరికి మెడికల్ కాలేజీ వచ్చింది. అంతకుముందు ఇక్కడివాళ్లు డాక్టరు చదవాలంటే మద్రాసో, విశాఖో, గుంటూరో పోవాల్సిందే. 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ పెట్టారు. ఆ తర్వాత సీమలో ఇంకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ రావడానికి నలభై ఏళ్లు పట్టింది: 2000లో అనంతపురం, 2006లో కడప రిమ్స్. అంటే ఇప్పుడు పిల్లల్ని నీట్‌కు పంపుతున్న తల్లిదండ్రులు తాము ఇంటర్ చదివేనాటికి, నెల్లూరుతో కలిపి ఐదు జిల్లాలకు ఉన్నవి రెండే రెండు ప్రభుత్వ కాలేజీలు. ‘మా కాలంలో వేలల్లో ఒకడికి వచ్చేది సీటు’ అని వాళ్లనే మాట ఊరికే రాలేదు.

నెల్లూరును ఎందుకు కలిపానంటే, లోకల్ ఏరియా లెక్క అది. 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు ఆ యూనివర్సిటీ పరిధి పిల్లలకే. మనది ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి: నాలుగు సీమ జిల్లాలు, నెల్లూరు. మన పిల్లాడు ప్రధానంగా పోటీ పడేది వీళ్లతోనే, అదీ తన కేటగిరీలో. అందుకే కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇంటర్ రెండేళ్లు మాత్రమే విజయవాడలో చదివినవాళ్లు కంగారు పడతారు కానీ అక్కర్లేదు: చివరి నాలుగేళ్లు ఒకే పరిధిలో లేకపోతే ఏడేళ్లు చూసి, ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్ కింద తీసుకుంటారు. తొమ్మిదో తరగతి నుంచే విజయవాడలో వేసిన పిల్లలు మాత్రం నాలుగేళ్లూ అక్కడే పడి ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ అయిపోతారు, కొంతమందికి ఆ సంగతి కౌన్సెలింగ్ రోజు గానీ తెలియదు. లాంగ్ టర్మ్ ఏ ఊళ్లో చేసినా లోకల్ మారదు, లెక్క ఇంటర్ పరీక్షతోనే ఆగిపోతుంది.

ఇక డబ్బు దారి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దాంతో డొనేషన్ కట్టగలిగినవాళ్లు కర్ణాటక దారి పట్టారు. 1992లో ఇక్కడ ప్రైవేటు కాలేజీలకు ఎడాపెడా అనుమతులిస్తే హైకోర్టు తప్పుబట్టింది, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేయాల్సి వచ్చింది, ఆ కుర్చీలోకి వచ్చింది మన కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డే. మెడికల్ సీట్ల గొడవలో ముఖ్యమంత్రి పదవే పోయిన రాష్ట్రం మనది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అని విడగొట్టింది. అది కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న కేసే. 2002లో సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి పోయింది, ప్రైవేటు కాలేజీలు పెరిగాయి, తిరిగి తిరిగి చివరకు ప్రైవేటులో సగం సీట్లు ఎ కేటగిరీ (తక్కువ ఫీజు కన్వీనరు సీట్లు), 35 శాతం బి, 15 శాతం ఎన్ఆర్ఐ అనే లెక్క దగ్గర నిలబడింది. బి కేటగిరీ అంటే ఏడాదికి పది లక్షలు దాటిన మాట. హాస్టలు, పుస్తకాలు వేరే.

ఎంసెట్ రోజుల్లో లాంగ్ టర్మ్‌కు అర్థముంది. 160 ప్రశ్నలు, సగం బోటనీ, జువాలజీ, తప్పు రాసినా మార్కు పోదు. తెలుగు అకాడమీ పుస్తకం లైను లైను బట్టీ పట్టి, ఇంకో ఏడాది పిడికిలి బిగించి కూర్చుంటే ర్యాంకు కచ్చితంగా ముందుకు జరిగేది. నెల్లూరు, గుంటూరు, విజయవాడ హాస్టళ్లు నిండింది ఈ నమ్మకం మీదే. తెల్లవారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్ష, సాయంత్రం నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా, ఆదివారం ఇంటికి ఒక్క ఫోను. అమ్మ ‘ఎట్లున్నావు నాయనా’ అనేలోపే వెనక క్యూలో ఉన్నోడు ‘అయిపోయిందా’ అని భుజం తట్టేవాడు.

2013లో దేశమంతటికీ ఒకే పరీక్షగా నీట్ ఒకసారి వచ్చింది, ఆ జులైలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. 2016 ఏప్రిల్‌లో మళ్లీ బతికింది. ఏప్రిల్ 28న ఈ ఏడాది నుంచే నీట్ అని కోర్టు చెప్పింది, మరుసటి రోజే మన రాష్ట్రంలో ఎంసెట్. పొద్దున్నే హాల్ టికెట్ పట్టుకుని బయలుదేరిన పిల్లలకు తాము రాసే పరీక్ష చెల్లుతుందో లేదో తెలియదు, ఆ రాత్రి ఇళ్లలో టెన్షన్ ఎంతుందో చెప్పనక్కర్లేదు. మే 24న వచ్చిన ఆర్డినెన్స్‌తో ఆ ఒక్క ఏడాదికీ ఎంసెట్ గట్టెక్కింది. 2017 నుంచి అంతా నీటే.

అక్కడే లాంగ్ టర్మ్ లెక్క తలకిందులైంది. 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. బట్టీ పని చేసే బయాలజీ ఒకటి ఉంది గానీ, మన పిల్లల్ని చాలామందిని ముంచేది ఫిజిక్స్, అది ఏడాది కూర్చున్నంత మాత్రాన వచ్చేది కాదు. పైగా ర్యాంకులో ఇంటర్ మార్కులకున్న వెయిటేజీ పోయింది. 2018 నుంచి మన రాష్ట్రం కూడా ఆలిండియా కోటాలో చేరి 15 శాతం ప్రభుత్వ సీట్లు ఇచ్చింది, బదులుగా మన పిల్లలకు దేశమంతా తలుపు తెరుచుకుంది. బాగా మంచి ర్యాంకు ఉన్నవాళ్లకు మాత్రమే ఆ తలుపు ఉపయోగం, అది వేరే విషయం. 25 ఏళ్ల వయసు పరిమితి ఒకటి ఉండేది, 2022 మార్చిలో అదీ తీసేశారు. నా దృష్టిలో ఈ చివరి మార్పు మంచీ చేసింది, చెడూ చేసింది. ఇంతకుముందు వయసే ‘చాలు, ఆపు’ అనేది, ఇప్పుడు ఆ మాట ఇంట్లోవాళ్లే అనాలి, ఎవరూ అనరు.

మార్కుల సంగతీ అంతే. ‘ఐదొందలు దాటితే సీటు’ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, గ్రేస్ మార్కుల గొడవ, పేపర్ లీకు కేసు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2025లో ఫిజిక్స్ పేపరు దెబ్బకు మొదటి ర్యాంకు వచ్చిందే 686కి. మార్కు మీద కాకుండా ర్యాంకు మీద, అందులోనూ ఎస్వీయూ లోకల్‌లో తమ కేటగిరీకి చివరి రౌండ్‌లో ఎంత ర్యాంకు దాకా సీటు పోయిందనే దాని మీద లెక్క వేసుకోవాలి. ఆ గీతకు దగ్గర్లో ఆగినవాడికి రెండో లాంగ్ టర్మ్ అర్థముంది. దానికి రెండింతల దూరంలో ఉండి, ఫిజిక్స్ మార్కులు కదలకుండా ఉంటే ఇంకో లక్షా లక్షన్నర పోసి హాస్టల్లో వేయడం పిల్లాడికి చేసే మేలు కాదు.

బయటి దేశం దారి కూడా మారిపోయింది. రష్యా, చైనా, ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, ఒక్కో దశలో ఒక్కో పేరు. బయట చదివొచ్చినవాళ్లకు 2002లో ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష పెట్టారు: 300కి 150 రావాలి, రాసినవాళ్లలో పాసయ్యేది సగానికి బాగా తక్కువ. 2021 నవంబరు 18న కొత్త నిబంధనలు వచ్చాయి: 54 నెలల కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉండాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసు చేయడానికి అర్హత కూడా ఉండాలి, తర్వాత ఇక్కడ ఇంకో ఏడాది. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ చదివి తర్వాత ఎండీ చేసే పద్ధతికి అక్కడే బ్రేకు పడింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై వేల మంది సగం చదువుతో తిరిగొచ్చారు. కన్సల్టెన్సీ వాడు చూపించే రంగుల బ్రోచర్‌లో ఫీజు పెద్దక్షరాల్లో ఉంటుంది, లైసెన్సు షరతు అడిగితే గానీ చెప్పడు. వెళ్లొద్దని నేననను. ఆ దేశంలో మనోళ్లకు లైసెన్సు ఇస్తారా అని రాతపూర్వకంగా తేల్చుకోకుండా మాత్రం అడ్వాన్సు కట్టకండి.

బీడీఎస్, ఆయుష్ కూడా నీట్‌తోనే. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, పల్లెల్లో పశువుల డాక్టరుకు పని కొరత ఎప్పుడూ ఉండదు, ఎందుకో మనోళ్లు దాన్ని ఆప్షన్ల చివర్లో కూడా పెట్టరు.

చివరగా, ఇప్పుడు నడుస్తున్న కథ. 2023లో నంద్యాలలో 150 సీట్లతో కొత్త ప్రభుత్వ కాలేజీ మొదలైంది, కానీ 107, 108 జీవోలతో ప్రభుత్వ కాలేజీలోనే సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్ఆర్ఐ సీట్లు పెట్టారు: సెల్ఫ్ ఫైనాన్స్ ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ 20 లక్షలు. 2024లో పులివెందులకు జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇస్తే, వసతులు లేవని రాష్ట్రమే వద్దంది. 2025 సెప్టెంబరులో పది కాలేజీలను పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) కింద కట్టాలని కేబినెట్ నిర్ణయించింది, అందులో సీమవి ఆదోని, మదనపల్లె, పులివెందుల, పెనుకొండ. ప్రతిపక్షం దీన్ని ప్రైవేటుకు అప్పగించడమంటోంది, ప్రభుత్వం త్వరగా పూర్తవుతాయంటోంది. ఈ నాలుగూ వస్తే ఎస్వీయూ లోకల్‌లో చివరి ర్యాంకులు కచ్చితంగా కిందికి జారుతాయి. కానీ అందులో కన్వీనరు సీట్లు ఎన్ని, ఏ ఏడాది నుంచి అనేది చేతికి వచ్చేదాకా, ‘మనూరి పక్కన కాలేజీ వస్తాంది, ఇంకో ఏడాది ఆగుదాం’ అని పిల్లాడిని లాంగ్ టర్మ్‌లో చేర్చొద్దు.