నాకంటే టొబయస్ హ్యారిస్ ఎక్కువా?

2022 మే 12 రాత్రి ఫిలడెల్ఫియాలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ ఆరో మ్యాచ్ ముగిసింది. మయామీ హీట్ 99-90తో గెలిచి సిరీస్‌ను 4-2తో ఎగరేసుకుపోయింది. ఆ మ్యాచ్‌లో 32 పాయింట్లు చేసిన మయామీ ఆటగాడు జిమ్మీ బట్లర్ లాకర్ రూమ్‌కు వెళ్తూ దారిలో ఒక కేక పెట్టాడు: "నాకంటే టొబయస్ హ్యారిస్ ఎక్కువా?"

మూడేళ్ళ కిందటి దాకా బట్లర్ ఆడింది ఈ ఊరి జట్టుకే. 2019 వేసవిలో సెవెంటీ సిక్సర్స్ యాజమాన్యం అతన్ని పోనిచ్చింది. అతని సహ ఆటగాడు హ్యారిస్‌కు మాత్రం ఐదేళ్ళకు 180 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చింది. కెమెరాకు చిక్కిన ఆ కేక తర్వాత అభిమానుల నోట సామెతలా నిలిచిపోయింది. ప్లేఆఫ్స్‌లో జట్టు ఓడిన మర్నాడు డబ్ల్యూఐపీ స్పోర్ట్స్ రేడియోకు ఫోన్ చేసేవాళ్ళు నిన్నటి మ్యాచ్ గురించి మొదలుపెట్టి కాసేపటికి 2019కే వస్తారు. ఎవరిని ఉంచుకోవాల్సింది, ఎవరిని వదిలేయాల్సింది, ఆ డబ్బు ఎవరికి పోవాల్సింది అని.

ముందు ఈ జట్టు పేరు గురించి ఒక మాట. క్రికెట్ సిక్సర్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఊరు కాబట్టి సెవెంటీ సిక్సర్స్. వాడుకలో సిక్సర్స్. చివరిసారి టైటిల్ గెలిచింది 1983లో. అలెన్ ఐవర్సన్ రోజుల్లో, 2001లో, ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ తర్వాత రెండో రౌండ్ దాటడమే గగనమైపోయింది.

2013లో సామ్ హింకీ అనే మేనేజర్ వచ్చాడు. అటు గెలవకుండా ఇటు పూర్తిగా ఓడకుండా మధ్యలో వేలాడటమే అసలు దరిద్రం అన్నది అతని సిద్ధాంతం. ఎన్‌బీఏలో బాగా ఓడిన జట్లకు డ్రాఫ్ట్ లాటరీలో మంచి పిక్ దొరికే అవకాశం ఎక్కువ. అంటే కొత్త కుర్రాళ్ళను ముందుగా ఎంచుకునే హక్కు. అందుకని ఉన్న మంచి ఆటగాడు జ్రూ హాలిడేను డ్రాఫ్ట్ రోజునే వేరే జట్టుకు ఇచ్చేసి, పిక్‌లు పోగేశాడు. మూడు సీజన్ల గెలుపు-ఓటముల రికార్డు చూడండి: 19-63, 18-64, 10-72. మొదటి ఏడాదే వరసగా 26 మ్యాచ్‌లు ఓడారు. 2016 ఏప్రిల్‌లో 13 పేజీల రాజీనామా లేఖ రాసి హింకీ వెళ్ళిపోయాడు. అతని హయాంలో వచ్చిన జోయెల్ ఎంబీడ్, అతను వెళ్ళిన రెండు నెలలకు మొదటి పిక్‌గా వచ్చిన బెన్ సిమ్మన్స్ జట్టుకు రెండు కళ్ళయ్యారు.

ఈ కాలానికి 'ప్రాసెస్' అని పేరు. దీనివల్ల జట్టు మారిందో లేదో గానీ అభిమానులు మాత్రం మారిపోయారు. ఆట చూసి ఆనందించడానికి ఏమీ లేని రోజుల్లో వాళ్ళు లెక్కలు చూడటం నేర్చుకున్నారు. ఏ జట్టు పిక్ మన దగ్గరుంది, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుంది, ఏది 'అసెట్', ఏది భారం. లాటరీ రోజు గుంపుగా కూడి టీవీ ముందు పండగ చేసుకునేవాళ్ళు. ఫిలడెల్ఫియా అభిమాని కోపం గుమాస్తా కోపంలా ఉండేది అందుకే. ఓడినందుకు ఎంత బాధపడతాడో, పద్దు తేడా వచ్చినందుకు అంతకు రెట్టింపు బాధపడతాడు.

పద్దు తేడాలు తక్కువేమీ రాలేదు. 2017లో మొదటి పిక్ కోసం తమ మూడో పిక్‌ను, ఇంకో పిక్‌ను బోస్టన్‌కు ఇచ్చి మార్కెల్ ఫుల్ట్స్‌ను తెచ్చుకున్నారు. ఆ మూడో పిక్‌తో బోస్టన్ తీసుకున్నది జేసన్ టేటమ్‌ను. 2018 డ్రాఫ్ట్ రాత్రి జరిగింది ఇంకా చిత్రం. ఫిలడెల్ఫియాలో పుట్టి, పక్కనే విలనోవా విశ్వవిద్యాలయానికి ఆడి రెండు టైటిళ్ళు గెలిచిన మికాల్ బ్రిడ్జెస్‌ను పదో పిక్‌గా తీసుకున్నారు. అతని తల్లి ఉద్యోగం చేసేది సిక్సర్స్ యజమానుల సంస్థలోనే. సంబరం కాసేపే. ఆ రాత్రే అతన్ని ఫీనిక్స్‌కు పంపేసి, జైర్ స్మిత్ అనే కుర్రాణ్ణి, 2021లో వాడుకోవాల్సిన మయామీ వాళ్ళ పిక్‌ను తీసుకున్నారు. ఆ మయామీ పిక్‌ను గుర్తుపెట్టుకోండి.

2018 నవంబర్‌లో మినెసోటా నుంచి బట్లర్ వచ్చాడు. పదునైన ఆటగాడు, అంతే పదునైన నోరు. 2019 ఫిబ్రవరిలో క్లిప్పర్స్ నుంచి హ్యారిస్ వచ్చాడు. అతని కోసం ఇచ్చినవాటిలో మంచి షూటర్ లాండ్రీ షామెట్ ఉన్నాడు, రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ మయామీ పిక్కే. అంటే సొంతూరి కుర్రాణ్ణి ఇచ్చి తెచ్చుకున్నది కాస్తా హ్యారిస్ ఖాతాలో జమైంది. పైగా బట్లర్, హ్యారిస్ ఇద్దరూ ఆ వేసవిలోనే కాంట్రాక్టు ముగిసి ఫ్రీ ఏజెంట్లు కాబోతున్నవాళ్ళు. ఇంత ఇచ్చి తెచ్చిన మనిషిని నాలుగు నెలలకే ఊరికే పోనిస్తే ఆ మేనేజర్‌ను ఎవరైనా బతకనిస్తారా? జీతం ఎంతైనా సరే హ్యారిస్‌ను ఉంచుకోక తప్పదన్నది, నా దృష్టిలో, ఆ ఫిబ్రవరిలోనే ఖాయమైపోయింది.

ఇక 2019 మే 12. టొరాంటోలో ఏడో మ్యాచ్. ఇంకా 4.2 సెకన్లు ఉండగా బట్లర్ బంతితో దూసుకెళ్ళి లేఅప్ వేసి స్కోరును 90-90 చేశాడు. అటు నుంచి టొరాంటో ఆటగాడు కవాయ్ లెనర్డ్ బంతి అందుకుని కుడి మూలకు పరుగెత్తాడు. ఎదురుగా ఏడడుగుల ఎంబీడ్ చెయ్యి చాపి ఉన్నాడు. ఆ చేతి మీదుగా, వంగి, ఎత్తుగా వేశాడు. బజర్ మోగింది. బంతి రిమ్ మీద పడి ఎగిరింది, మళ్ళీ పడింది, అవతలి అంచుకు వెళ్ళి ఇంకో రెండుసార్లు తగిలి లోపలికి జారింది. మొత్తం నాలుగు బౌన్సులు. 92-90. ఎంబీడ్ ఏడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ స్కోర్‌షీట్‌లో అభిమానులు ఇప్పటికీ వేలుపెట్టి చూపించే అంకె వేరే ఉంది. ఎంబీడ్ కోర్టులో ఉన్న 45 నిమిషాల్లో సిక్సర్స్ 10 పాయింట్లు పైన ఉంది. అతను కూర్చున్న మూడు నిమిషాల్లోపు 12 పాయింట్లు పోగొట్టుకుంది. దీన్నుంచి ఎవరైనా తీసే నీతి ఒకటే, ఎంబీడ్‌కు బదులు ఆడే సెంటర్ ఒకడు కావాలి. యాజమాన్యం కూడా అదే తీసింది. కాకపోతే రోజుకు మూడు నిమిషాల పనికి మనిషిని వెతకమంటే, నాలుగేళ్ళకు 97 మిలియన్లు గ్యారంటీ ఇచ్చి, బోనస్‌లతో 109 దాకా పెంచి, బోస్టన్ నుంచి అల్ హోర్‌ఫర్డ్‌ను తెచ్చింది. అంతకుముందు ఎంబీడ్‌ను ఒంటరిగా కట్టడి చేయగలిగిన కొద్దిమందిలో హోర్‌ఫర్డ్ ఒకడు. మనవైపు తెచ్చుకుంటే ఆ బాధా తీరుతుందనుకున్నారు.

ఇక్కడ ఒక రూల్ చెప్పాలి. జట్టు జీతాల మొత్తానికి క్యాప్ ఉంటుంది. 2019-20లో అది సుమారు 109 మిలియన్లు. కానీ సొంత ఆటగాణ్ణి మళ్ళీ తీసుకోవడానికి ఆ పరిమితి దాటవచ్చు. లారీ బర్డ్ పేరుమీద దాన్ని బర్డ్ రైట్స్ అంటారు. ఐపీఎల్ రిటెన్షన్‌కు దూరపు చుట్టం అనుకోండి. (రషీద్ ఖాన్‌ను వదులుకుని, ఆ తర్వాతి సీజన్‌లోనే అతను గుజరాత్ తరఫున కప్పు ఎత్తడం చూసిన హైదరాబాద్ అభిమానులకు ఈ కథలో నొప్పి వేరే వివరించక్కర్లేదు.) ఈ రూల్ ప్రకారం బట్లర్‌నూ హ్యారిస్‌నూ ఇద్దర్నీ ఉంచుకోవచ్చు. జీతాలు మరీ పెరిగితే లీగ్ వేసే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, అంతే. బయటివాడైన హోర్‌ఫర్డ్‌ను తేవాలంటే మాత్రం క్యాప్ కింద ఖాళీ కావాలి. ఆ ఖాళీ బట్లర్ వెళ్తేనే వస్తుంది. బట్లర్‌ను సైన్ అండ్ ట్రేడ్ పద్ధతిలో, అంటే కొత్త కాంట్రాక్టు రాసి వెంటనే మార్పిడి చేసి, మయామీకి పంపి, జోష్ రిచర్డ్‌సన్‌ను తీసుకుని, మిగిలిన చోట్లో హోర్‌ఫర్డ్‌ను పెట్టారు.

అందుకే నన్నడిగితే బట్లర్ కేకలో పేరు తప్పు పడింది. అక్కడ ఉండాల్సిన పేరు హోర్‌ఫర్డ్. ఇంకా లోతుకు వెళ్తే బెన్ సిమ్మన్స్. టొరాంటో సిరీస్‌లో ఆఖరి నిమిషాల్లో బంతి బట్లర్ చేతికి వచ్చేది, ఆట నడిపించాల్సిన పాయింట్ గార్డ్ సిమ్మన్స్ వెళ్ళి బాస్కెట్ పక్కన నిలబడేవాడు. షూట్ చేయని సిమ్మన్స్, బంతి వదలని బట్లర్ ఒక జట్టులో ఎన్నాళ్ళో ఇమడలేరు. అదే వేసవిలో సిమ్మన్స్‌తో ఐదేళ్ళకు 170 మిలియన్ల ఒప్పందం కుదిరింది. సిమ్మన్స్‌కప్పుడు 22 ఏళ్ళు, బట్లర్‌కు దాదాపు 30. కాగితం మీద తప్పేమీ కనిపించదు. ఎవరు ముందు చెయ్యి వదిలారు, బట్లరా జట్టా అన్నదాని మీద వాదన ఎప్పటికీ తెగదు గానీ, బంతి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు జట్టు ఇచ్చిన జవాబు మాత్రం అదీ.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పేయవచ్చు. 2020లో సిమ్మన్స్ మోకాలి గాయంతో లేడు, బోస్టన్ చేతిలో 4-0తో పోయారు, కోచ్ బ్రెట్ బ్రౌన్ ఉద్యోగం పోయింది. అదే ఏడాది బట్లర్ మయామీని ఫైనల్‌కు తీసుకెళ్ళి, లేకర్స్ మీద మూడో మ్యాచ్‌లో 40 పాయింట్లతో ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ రెండంకెల్లో) చేశాడు. 2021లో అట్లాంటాతో ఏడో మ్యాచ్. బాస్కెట్ కింద దాదాపు ఎవరూ అడ్డు లేని చోట సిమ్మన్స్ డంక్ చేయకుండా బంతిని మథీస్ తైబుల్‌కు అందించాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అతని ఫ్రీ త్రోలు 73కు 25. ఆ సాయంత్రంతో ఫిలడెల్ఫియాకు, సిమ్మన్స్‌కు చెల్లు. 2022 ఫిబ్రవరిలో అతన్నిచ్చి బ్రూక్లిన్ నుంచి జేమ్స్ హార్డెన్‌ను తెచ్చారు. మూడు నెలలకు ఆ కేక. 2023లో బోస్టన్ మీద 3-2 ఆధిక్యంలో ఉండి కూడా రెండు మ్యాచ్‌లూ వదిలేశారు. ఏడో మ్యాచ్‌లో 51 పాయింట్లు చేసి వీళ్ళను ముంచింది ఎవరో కాదు, టేటమ్. తర్వాత కోచ్‌గా తెచ్చుకున్నది నిక్ నర్స్‌ను. 2019లో టొరాంటో కోచ్ ఆయనే.

వీటన్నిటికీ తిట్లు తిన్నది మాత్రం ఎక్కువగా హ్యారిసే. ఐదేళ్ళు వచ్చాడు, ఆడాడు, ఎవరినీ ఒక మాట అనలేదు. 180 మిలియన్లు అడిగినంత మాత్రాన ఇవ్వమని ఎవరన్నారు? కానీ జీతం అంకె మీద కోపం తీర్చుకోవడం తేలిక. 2024 మే 2న న్యూయార్క్ నిక్స్ చేతిలో 118-115తో ఓడి ఇంటికెళ్ళిన ఆరో మ్యాచ్‌లో అతని స్కోరు సున్నా. సొంత ప్రేక్షకుల ముందు అదే చివరి ఆట. అతను డెట్రాయిట్‌కు వెళ్ళిపోయాడు. అంతకుముందు ఏడాది 14 మ్యాచ్‌లే గెలిచిన డెట్రాయిట్, అతను చేరిన ఏడాది 44 గెలిచి ప్లేఆఫ్స్‌కు వచ్చింది. హోర్‌ఫర్డ్, హాలిడే అప్పటికి బోస్టన్‌లో కలిసి ఆడుతున్నారు. 2024 టైటిల్ వాళ్ళదే. ఫిలడెల్ఫియావాళ్ళకు ఇదీ ఒక ఉప్పుకారం.

హోర్‌ఫర్డ్ పద్దు అంతటితో ముగియలేదు. ఎంబీడ్ పక్కన అతను ఇమడలేదని ఏడాదికే తేలడంతో, 2020లో ఆ కాంట్రాక్టును వదిలించుకోవడానికి ఓక్లహోమా సిటీకి ఎదురు కట్నం ఇచ్చారు. అందులో 2025 నాటి మొదటి రౌండ్ పిక్ ఒకటి. షరతు ఏమిటంటే, ఆ పిక్ మొదటి ఆరింటిలో వస్తే సిక్సర్స్ ఉంచుకోవచ్చు, దాటితే ఓక్లహోమాకు పోతుంది. 2020లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్ళ తర్వాతి మాట కదా, అప్పటికి మనం గెలుస్తూ ఉంటాం, పిక్ ఎక్కడో ఇరవై దాటి వస్తుంది అనుకున్నారు.

2024-25లో ఎంబీడ్ 19 మ్యాచ్‌లే ఆడాడు. నాలుగేళ్ళకు 212 మిలియన్లకు కొత్తగా తెచ్చుకున్న పాల్ జార్జ్ సగం సీజనే ఆడాడు. జట్టు 24-58. మార్చికల్లా అభిమానులు మళ్ళీ పాత అలవాటుకొచ్చారు. సొంత జట్టు ఓడితే ఊపిరి పీల్చుకునేవాళ్ళు, గెలిస్తే టెన్షన్. పిక్ నిలబడే అవకాశం 64 శాతం అని అందరికీ నోటికి వచ్చు. షికాగోలో లాటరీ తీసిన రోజు మళ్ళీ మే 12. సిక్సర్స్‌కు మూడో నంబరు వచ్చింది. హోర్‌ఫర్డ్ కోసం తాకట్టు పెట్టిన ఆ పిక్‌తోనే జూన్‌లో వీజే ఎడ్జ్‌కూంబ్‌ను తీసుకున్నారు.