పిల్లల చేతికి గ్లాసు ఎక్కడి నుంచి వస్తోంది?

19వ శతాబ్దపు ఇంగ్లండులో తండ్రి తాగే బీరు కోసం కూజా పట్టుకుని పబ్బుకు వెళ్లేది చాలా ఇళ్లలో పిల్లలే. 1901లో వచ్చిన చట్టం కూడా ఈ అలవాటును పూర్తిగా మాన్పించలేదు. 14 ఏళ్ల లోపు వారికి విడిగా పోసి ఇవ్వకూడదని, సీలు వేసిన సీసాలో అయితే ఇవ్వవచ్చని చెప్పి ఊరుకుంది. వైద్య అవసరానికి తప్ప అయిదేళ్ల లోపు పిల్లలకు మద్యం తాగించడం నేరమని 1908లో మరో చట్టం చేశారు. అలా రాయవలసి వచ్చిందంటే అప్పటి ఇళ్ల పరిస్థితి ఊహకు అందుతుంది. 18 ఏళ్లు నిండనివారికి పబ్బుల్లో మద్యం అమ్మకూడదన్న నిబంధన 1923లో గాని రాలేదు. పార్లమెంటు సభ్యురాలు నాన్సీ ఆస్టర్ తెచ్చిన బిల్లు అది. ఫ్రాన్సులోనైతే 14 ఏళ్ల లోపు పిల్లలకు బడి భోజనంలో వైన్ ఆపినది 1956లో.

చట్టాలు అమ్మేవాడి వైపు చూస్తుంటే, సంస్కర్తలు పిల్లల వైపు చూశారు. 1847లో లీడ్స్‌లో మొదలైన 'బ్యాండ్ ఆఫ్ హోప్' పసివాళ్లతో మద్యం ముట్టబోమని ప్రమాణం చేయించేది. అమెరికాలో మద్యపాన వ్యతిరేక ఉద్యమకారిణి మేరీ హంట్ పట్టుదల వల్ల 1901 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ మద్యం కీడు గురించిన పాఠాలు తప్పనిసరయ్యాయి. భయపెట్టడానికి వాటిలో అతిశయోక్తులు చేర్చారని ఆనాటి శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు. 1983లో లాస్ ఏంజిలెస్‌లో మత్తు పదార్థాలకు దూరంగా ఉండమని పోలీసులు తరగతి గదుల్లో చెప్పడం మొదలుపెట్టిన 'డేర్' పాఠాలు దేశమంతా పాకాయి. వాటి వల్ల పిల్లల అలవాట్లలో పెద్దగా మార్పు రాలేదని తరువాతి పరిశీలనలు తేల్చాయి. పెద్దలు తాము మారకుండా పిల్లవాడి సంకల్పం మీదే భారమంతా మోపడం నా దృష్టిలో అన్యాయం.

వయోపరిమితి మాత్రం ఫలితం చూపింది. 1970ల మొదట్లో అమెరికాలో చాలా రాష్ట్రాలు దాన్ని తగ్గించాయి. ఆ తరువాత కుర్రవాళ్ల రోడ్డు ప్రమాదాలు పెరగడంతో 1984లో కేంద్ర చట్టం వచ్చింది. 21 ఏళ్ల నిబంధన పెట్టని రాష్ట్రాలకు రహదారి నిధుల్లో కోత పడుతుందని అది హెచ్చరించగా, 1988 నాటికి అన్నీ దారికి వచ్చాయి. అయితే దుకాణం తలుపు మూసినా ఇంటి అలమర తెరిచే ఉంది.

'ఇంట్లో మన కళ్ల ముందు కొంచెం రుచి చూస్తే బయట హద్దు తప్పరు' అన్న నమ్మకం చాలా పాతది, ప్రేమతో పుట్టినదే. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లలను ఆరేళ్ల పాటు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో దానికి ఆధారం దొరకలేదు. పైగా తల్లిదండ్రులు పోసి ఇచ్చిన పిల్లలు బయటి నుంచి కూడా మద్యం సంపాదించుకునే అవకాశం ఎక్కువగా కనిపించింది. నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం మరో సంగతి చెప్పింది. పిల్లలకు మాత్రమే పాఠం చెప్పినచోట గాని, తల్లిదండ్రులతో మాత్రమే మాట్లాడినచోట గాని ఫలితం కనబడలేదు. రెండూ కలిపినచోట పిల్లల్లో వారం వారం తాగే అలవాటు ఆలస్యంగా మొదలైంది.

ఊరంతా కలిసి చేసిన పనికి అందరూ చెప్పే ఉదాహరణ ఐస్‌లాండ్. అక్కడ 1998లో 15–16 ఏళ్ల వారిలో 42 శాతం మంది గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామని సర్వేలో ఒప్పుకున్నారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. ఈ మధ్యలో జరిగినవి చిన్న చిన్న పనులే. 13–16 ఏళ్ల వారు చలికాలంలో రాత్రి 10 తరువాత, వేసవిలో 12 తరువాత పెద్దలు తోడు లేకుండా బయట ఉండకూడదన్నారు. ఒకే తరగతి పిల్లల తల్లిదండ్రులు కూర్చుని ఉమ్మడి నియమాలకు సంతకాలు చేశారు. 'వాళ్లింట్లో ఒప్పుకున్నారు' అనే వాదన అలా బలం కోల్పోయింది. వారాంతపు రాత్రుల్లో తల్లిదండ్రులే జట్లుగా వీధుల్లో నడిచారు. ఆటలకు, సంగీతానికి పురపాలక సంఘాలు డబ్బు ఇచ్చాయి. అన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది, సర్వే ఫలితాలను కొద్ది వారాల్లోనే ఏ బడికి సంబంధించినవి ఆ బడికి అందజేయడం. దేశం సగటు కాదు, తమ పిల్లల లెక్క తల్లిదండ్రుల ముందుకు వచ్చేది.

ఇప్పుడు కొన్ని దేశాల్లో ఫోనులో ఆర్డరు చేస్తే సీసా గుమ్మం ముందుకే వస్తోంది. తలుపు తీసినవారి వయసు చూడాలని నిబంధనలు చెబుతాయి. చూడవలసినది మాత్రం మరో ఇంటికి వెళ్లే తొందరలో ఉన్న డెలివరీ మనిషి. పబ్బులను, దుకాణాలను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టాలతో దీన్ని ఎలా అదుపు చేయాలో ఇంకా తేలలేదు.