హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్: అపోహలు - వాస్తవాలు

మన సైన్యంలో సిపాయిగా చేరినవారి ముందున్న మెట్లు అందరికీ తెలిసినవే. లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. ఆపైన జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), అంటే నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. హవల్దార్ దాకా చాలామంది చేరతారు. అక్కడినుంచి పైమెట్టు ఎక్కడం దగ్గరే అసలు గొడవంతా. యూనిట్ ఆఫీసులో క్లర్కుగా ఈ కాగితాలతోనే సర్వీసంతా గడిపినవాణ్ణి. ఊళ్లో, రైల్లో, పెళ్లిపందిట్లో ఈ విషయం మీద వినే మాటల్లో సగం తప్పులే.

అపోహ: సర్వీసు నిండితే రాంకు దానంతట అదే వస్తుంది.

దానంతట అది వచ్చేది జీతం. రాంకు కాదు. ఎంఏసీపీ పథకం కింద ప్రమోషన్లు రాకుండా ఆగిపోయినవారికి 8, 16, 24 ఏళ్ల సర్వీసుకు పైస్థాయి వేతనం ఇస్తారు. మామూలుగా వచ్చిన ప్రమోషన్లు కూడా ఈ మూడింటి లెక్కలోకే వస్తాయి. అంటే నాయక్, హవల్దార్ ప్రమోషన్లు రెండూ అందుకున్న మనిషికి 24 ఏళ్లకు మిగిలేది మూడోది. దాంతో అతని జీతం లెవెల్ 5 నుంచి నాయబ్ సుబేదార్ స్థాయి అయిన లెవెల్ 6కు మారుతుంది. భుజం మీదకు నక్షత్రం మాత్రం రాదు, జేసీఓ మెస్‌లో చోటూ దొరకదు, రిటైర్‌మెంట్ తేదీ ఒక్కరోజు కూడా జరగదు. అయినా ఇంటి ముందు బోర్డు మీద 'నాయబ్ సుబేదార్' అని రాయించుకునేవారిని చూస్తూనే ఉంటాం. ముచ్చట తీర్చుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ బోర్డు చూసి కొత్త కుర్రాళ్లు 'మనకూ టైముకు వచ్చేస్తుంది' అనుకోవడమే ఇబ్బంది.

అపోహ: సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ తలచుకుంటే చాలు.

సీఓ మాటకు బరువుంది, కాదనను. కానీ ఆ బరువంతా ఏటేటా రాసే వార్షిక రహస్య నివేదికలో, అంటే ఏసీఆర్‌లో పడుతుంది. ప్రమోషన్ నాడు కొత్తగా వచ్చి పడదు. ప్రమోషన్లు తేల్చే డీపీసీ బోర్డు కూర్చున్నప్పుడు దాని ముందు మనిషి ఉండడు, ఫైలు ఉంటుంది. గడిచిన కొన్నేళ్ల ఏసీఆర్‌లు, ప్రమోషన్ కేడర్ అనే కోర్సు పాసైన వివరం, విద్యా సర్టిఫికెట్, మ్యాప్ రీడింగ్, వైద్య కేటగిరీ, శిక్షల పట్టిక అన్నీ చూస్తారు. ఇందులో మనవాళ్లు పట్టించుకోనిది మధ్యరకం ఏసీఆర్. చెడ్డ మాట ఒక్కటీ రాయకపోయినా 'యావరేజ్' అన్న గ్రేడింగ్ చాలు, వెనక్కి లాగడానికి. 'నామీద కంప్లయింట్ ఒక్కటీ లేదు, ఎందుకు రాలేదు' అని అడిగినవారిలో ఎక్కువమంది కథ ఇదే. కంప్లయింట్ లేకపోవడం వేరు, 'అబవ్ యావరేజ్' కావడం వేరు.

శిక్షల పట్టికలో పెద్ద శిక్షలను ఎర్ర సిరాతోనూ, చిన్నవాటిని నల్ల సిరాతోనూ రాస్తారు. రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే తాగి కొట్టుకున్నవారికే అనుకుంటారు. నా కళ్ల ముందు పడ్డవాటిలో చాలావరకు సెలవు అయిపోయినా రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన కేసులే. ఆర్మీ చట్టం 39వ సెక్షన్ కింద అది నేరం. ఊళ్లో జాతర చూసుకుని వస్తే ఏమవుతుందిలే అనుకున్న ఆ ఆలస్యం, బోర్డు రోజున ఎర్రగా కనబడుతుంది.

అపోహ: ఒకే రోజు చేరినవారికి ఒకేసారి ప్రమోషన్ రావాలి.

సీనియారిటీ వరుసలో నిలబెడుతుంది, తలుపు తీసేది ఖాళీ. ఖాళీలు రెజిమెంటును బట్టి, ట్రేడును బట్టి వేరువేరుగా ఉంటాయి. డ్రైవరు ఖాళీలో క్లర్కును వేయరు. పైగా గడియారం కూడా నడుస్తూ ఉంటుంది: హవల్దార్‌కు సర్వీసు 24 ఏళ్లు, నాయబ్ సుబేదార్‌కు 26, సుబేదార్‌కు 28, ఫిట్‌గా ఉండి ఒప్పుకున్నవారికి రెండేళ్ల పొడిగింపు, వయోపరిమితి వేరే. ఆలోగా ఖాళీ రాకపోతే ఫైలు ఎంత బాగున్నా ఇంటికే. బెటాలియన్ మొత్తానికి సుబేదార్ మేజర్ ఒక్కరే, పదవీకాలం నాలుగేళ్లు. ఆయన కుర్చీలో కూర్చున్న ఏడాదే మీ వంతు వస్తే, అర్హత ఉన్న సుబేదార్‌గానే రిటైర్ కావచ్చు. ఇది అన్యాయమేనని నేనూ అంటాను, కానీ ఎవరి కుట్రా కాదు.

అపోహ: మెడికల్ కేటగిరీ తగ్గితే అంతా అయిపోయినట్టే.

షేప్-1, అంటే పూర్తి ఫిట్ కేటగిరీ ఉండాలన్నది మామూలు నియమం. యుద్ధంలో గాయపడినవారి సంగతి వేరుగా చూస్తారు. మనవాళ్ల కేటగిరీ ఎక్కువగా తగ్గేది తూటాలవల్ల కాదు, బరువు వల్ల, బీపీ వల్ల. తాత్కాలికంగా తగ్గినప్పుడే ఆస్పత్రి చుట్టూ తిరిగి తేల్చుకోవాలి.

అపోహ: సుబేదార్ మేజర్ తర్వాతి ప్రమోషన్ లెఫ్టినెంట్.

ఆగస్టు 15న, జనవరి 26న ఎంపికైన జేసీఓలకు ఇచ్చే లెఫ్టినెంట్, కెప్టెన్ హోదాలు గౌరవార్థమైనవే, ప్రమోషన్లు కావు. 1987లో సియాచిన్‌లో శత్రువు పోస్టును పట్టుకున్న బాణా సింగ్ అప్పటికి నాయబ్ సుబేదార్. పరమవీర చక్ర పొందిన ఆయన్ను ఇప్పుడు కెప్టెన్ అంటున్నది ఆ గౌరవ హోదాతోనే. జవాను నిజంగా ఆఫీసర్ కావాలంటే దారి వేరు: చిన్న వయసులో ఆర్మీ కేడెట్ కాలేజీ, కొంచెం పెద్దయ్యాక స్పెషల్ కమిషన్. రెండింటికీ వయోపరిమితి ఉంది, అది దాటాక బాధపడి లాభం లేదు.

అపోహ: ప్రమోషన్ వద్దని రాసిచ్చినా డబ్బు ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. పిల్లల చదువు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, కొత్త పోస్టింగు దూరం... కారణాలు నిజమైనవే. 'వద్దు' అని సంతకం చేసేవారి లెక్క ఒక్కటే: రాంకు పోతే పోయింది, 24 ఏళ్లకు ఎంఏసీపీ ఎలాగూ వస్తుంది. అయితే ఆ పథకం ప్రమోషన్ దొరకక ఆగిపోయినవారికి. ఇస్తామంటే కాదన్నవారిని ఆగిపోయినవారిగా లెక్కించరు, ఎంఏసీపీ కూడా నిలిపేస్తారు. జీతంతోపాటు పింఛను కూడా తగ్గుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆఫీసుకు వెళ్లి, ఎంఏసీపీ మీద దాని ప్రభావం ఏమిటో హెడ్ క్లర్కును అడిగి రాయించుకోండి. ఆయన విసుక్కున్నా ఫరవాలేదు.